మీ పిల్లలతో కలిసి భోజనం చేస్తున్నారా?

2018 మార్చి నెలాఖరున, పదో తరగతి పరీక్షలు అయిపోయిన రెండో రోజు, మా అబ్బాయి బట్టలు నానబెడుతుంటే ప్యాంటు జేబులో రెండు చిన్న ప్యాకెట్లు దొరికాయి. ఒకటి పాన్ మసాలా, రెండోది పొగాకు. 2012, 2013 సంవత్సరాల్లో చాలా రాష్ట్రాలు గుట్కాను నిషేధించిన తరువాత దాన్నే ఇలా రెండు ప్యాకెట్లుగా విడదీసి అమ్మడం మొదలుపెట్టారు. రెండూ కలిపి నోట్లో వేసుకుంటే అదే గుట్కా. ఈ సంగతి మా ఊరి పిల్లలందరికీ తెలుసు. మాకే తెలియదు.

మొదట ఎవరో స్నేహితుడివి అనుకున్నాం. అలా అనుకోవాలని ఆశపడ్డాం. సాయంత్రం అబ్బాయిని కూర్చోబెట్టి అడిగితే చాలాసేపు తల వంచుకుని ఉండి, చివరకు నిజం చెప్పాడు. ఎనిమిదో తరగతి నుంచి వేసుకుంటున్నాడట. అంటే రెండేళ్లకు పైగా. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, రెండేళ్లు!

మేమిద్దరం ఆదివారపు బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. మాలో ఒకరు పక్క ఊరి బడిలో పంతులు, మరొకరు అంగన్‌వాడీ టీచరు. పొగాకు, సారా ఎంత చెడ్డవో ఊరి పిల్లలకు బొమ్మలు గీసి మరీ చెప్పాం. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే పల్లె. ఆకు అమ్మిన డబ్బుతో ఫీజులు కట్టే ఊళ్లో పొగాకు చెడ్డదని చెప్పడం ఎంత ఇబ్బందో ఇక్కడివారికి తెలుసు. అయినా చెప్పాం. మా సొంత బిడ్డ నోట్లో ఏముందో మాత్రం చూడలేదు.

ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఎవరిది తప్పు అని కాసేపు ఒకరినొకరు అనుకున్నాం. తరువాత వాళ్ల అమ్మ ఒక మాట అడిగింది: "మనం నలుగురం కలిసి అన్నం తిని ఎన్నాళ్లయిందండీ?"

లెక్క వేశాం. పంతులుగారు సాయంత్రం ట్యూషన్లు ముగించుకుని ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటేది. అబ్బాయి ఏడున్నరకే కంచం తీసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. పాప వంటింట్లో అమ్మ పక్కన తినేది. నాయనమ్మకు దీపాలు పెట్టే వేళకే పెట్టేయాలి. అందరికీ పెట్టి, అన్నీ సర్దుకుని, వాళ్ల అమ్మ పదింటికి ఒక్కతే తినేది. ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట అందరం ఇంట్లో ఉంటాం కదా అనుకుంటే, ఆ పూట కూడా నెలలో రెండుసార్లు సంఘపు పనుల మీద ఇంటిపెద్ద బయటే. వారానికి 21 పూటల్లో ఒక్క పూటైనా గట్టిగా చెప్పుకోలేకపోయాం.

అమెరికాలో లెక్కలు వేశారు

ఇలా లెక్క వేసుకున్నది మేమొక్కళ్లమే కాదని తరువాత తెలిసింది. అమెరికాలో ఆరోగ్య శాఖ మాజీ మంత్రి జోసెఫ్ కాలిఫానో 1992లో కొలంబియా విశ్వవిద్యాలయంలో వ్యసనాల మీద పరిశోధన చేసే ఒక కేంద్రాన్ని స్థాపించారు. ఆ కేంద్రం ఏటా 12 నుంచి 17 ఏళ్ల పిల్లలను ప్రశ్నించేది. వారానికి ఎన్ని రాత్రులు ఇంట్లోవాళ్లతో కలిసి భోజనం చేస్తారు అన్నది అందులో ఒక ప్రశ్న. 2011లో వచ్చిన నివేదిక ప్రకారం, వారానికి ఐదు నుంచి ఏడు రాత్రులు కుటుంబంతో తినే పిల్లలతో పోలిస్తే, మూడు రాత్రులకన్నా తక్కువ తినే పిల్లల్లో పొగాకు వాడకం సుమారు నాలుగు రెట్లు, మద్యం రెండు రెట్లకు పైగా, గంజాయి రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించాయి.

ఈ అంకెలు చూసి మేము మొదట ఎగిరి గంతేశాం. మందు దొరికిందనుకున్నాం. కానీ తొందరపడకూడదు. మరుసటి ఏడాది, 2012లో, కెల్లీ మ్యూసిక్, ఆన్ మేయర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఇదే సంగతిని మరింత లోతుగా పరిశీలించారు. కలిసి తినే కుటుంబాలు చాలావరకు ముందునుంచే కాస్త నిలకడగా ఉన్న కుటుంబాలు. తల్లిదండ్రులకు తీరిక ఉంటుంది, ఇంట్లో పోట్లాటలు తక్కువ, పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో ఒక కన్ను వేసి ఉంచుతారు. ఆ తేడాలన్నీ లెక్కలోకి తీసుకుంటే, కేవలం భోజనం వల్ల వచ్చే ఫలితం బాగా తగ్గిపోతుందని వారు చూపించారు. అంతకుముందు 2008లో మిన్నెసోటా రాష్ట్రపు పరిశోధకులు ఐదేళ్ల తేడాతో అవే పిల్లలను మళ్లీ ప్రశ్నించి చూస్తే, ఆడపిల్లల విషయంలో కుటుంబ భోజనం మేలు చేసినట్టు కనిపించింది. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు. కొడుకు కోసం దిగులుపడుతున్న మాకు ఇది చదివితే మనసు చివుక్కుమంది.

మరి కలిసి తినడం వృథాయేనా? మేము అలా అనుకోవడం లేదు. అన్నం ముద్దలో ఏ మహిమా లేదు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే వేళ రోజులో మరొకటి మిగలకపోవడమే అసలు సంగతి. మన పల్లెల్లో ఆ వేళ భోజనమే. అది పోతే ఇక ఏదీ లేదు.

నాయనమ్మ చూసింది, మేము నవ్వాం

మా అబ్బాయి చిన్నప్పుడు గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ఉంటే కూర అడిగేవాడు కాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా పచ్చడి మానేశాడు. కూరలో పచ్చిమిరపకాయ కనబడితే ఏరి పక్కన పెట్టేవాడు. నీళ్లు ఎక్కువగా తాగేవాడు. ఒకరోజు నాయనమ్మ అంది: "ఒరే అబ్బాయ్, వీడు ఈమధ్య కారం తినడంలేదు, చూశావా? ముద్ద కూడా చిన్నది చేస్తున్నాడు." వాళ్ల నాన్న నవ్వి, "పెద్దవాడవుతున్నాడు, పట్నం తిండి కోరుకుంటున్నాడమ్మా" అన్నారు. మాట అంతటితో పోయింది.

తరువాత పళ్ల డాక్టరు చెప్పారు. వక్క, గుట్కా నమిలేవారి నోటి లోపలి పొర క్రమంగా గట్టిపడుతుంది. మొదట కారం తగిలితే మంట పుడుతుంది. ఆపైన నోరు పూర్తిగా తెరుచుకోవడం కష్టమవుతుంది. అలాగే వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. పొగాకు లేకుండా ఉత్త వక్క అయినా ప్రమాదమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కను క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. ఉత్త వక్కపొడి పిల్లలకిచ్చి ముచ్చటపడే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, వారికి ఈ మాట చెప్పండి.

రోజూ కంచం ముందు కూర్చునే ముసలామె కన్ను ఏ పరీక్షా చెప్పకముందే పట్టేసింది. వినే మనిషి లేకపోయాడు. కళ్లు ఎర్రగా ఉండటం, నోటి దగ్గర సోపు గింజల వాసన అతిగా రావడం, ఉన్నట్టుండి ఆకలి చచ్చిపోవడం లేదా వేళగాని వేళ విపరీతంగా పుట్టడం, చేతికిచ్చిన చిల్లర లెక్క తప్పడం — ఇవి ఒక్కరోజు చూస్తే తెలియవు. నిన్నటితో పోల్చి చూడాలంటే నిన్న కూడా చూసి ఉండాలి.

ఇంకో సంగతి. మన దేశంలో 2019లో 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల మీద జరిపిన పొగాకు సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఖైనీ, గుట్కా వంటివి వాడే పిల్లల్లో సగం మందికి పైగా పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారట. పదేళ్లు! కాలేజీకి వెళ్లాక జాగ్రత్తపడదాం అనుకునే తల్లిదండ్రులు ఈ అంకెను గోడ మీద రాసుకోవాలి. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం, బడికి వంద గజాలలోపు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరమే. ఆ చట్టం మా బస్టాండు దగ్గరి బంకుదాకా ఇంకా వచ్చినట్టు లేదు.

మొదటి నెల మేము చేసిన తప్పు

ఇక రోజూ కలిసి తినాలని తీర్మానించుకున్నాం. ట్యూషను ఒక గంట తగ్గించాం. నెలకు కొంత ఆదాయం పోయింది. టీవీ తీసేయలేదు గాని అన్నం వేళ కట్టేయాలనుకున్నాం. అంతా సిద్ధం చేసుకుని, మొదటి రోజే భోజనాన్ని పోలీసు స్టేషను చేసిపెట్టాం.

"ఈరోజు ఎక్కడికెళ్లావు? ఎవరితో తిరిగావు? నోరు తెరువు, చూపించు." వాళ్ల నాన్న మొదటి ముద్ద కలపకముందే మొదలుపెట్టేవారు. రిజల్టు వచ్చాక మార్కుల గొడవ దానికి తోడైంది. అబ్బాయి ఐదు నిమిషాల్లో మింగేసి లేచిపోయేవాడు. పాప కూడా బిక్కుబిక్కుమంటూ తినేది. ఇంతకుముందు విడివిడిగా తిన్నప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉందనిపించింది.

నెల తిరక్కుండానే నాయనమ్మ కంచం పక్కకు జరిపి కూర్చుంది. "తినేవాడి మీద కేసులు పెడితే నేనిక్కడ తినను. చెయ్యి కడుక్కున్నాక ఏమన్నా అడుక్కోండి" అంది. ఆమె చదువుకోలేదు. కానీ యోహాను సువార్త చివరి అధ్యాయం ఆమెకు బాగా తెలుసు. తనను ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురును ప్రభువు గెనెసరెతు సరస్సు ఒడ్డున మళ్లీ కలుసుకున్నప్పుడు మొదట నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె ఇచ్చి, కడుపు నింపారు. అడగవలసిన ప్రశ్న భోజనమైన తరువాతే అడిగారు. "ఆయనకు తెలిసిన మర్యాద మీకు తెలియదా?" అని అత్త మాటలాడితే కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది, కొడుకు మాత్రం తల దించుకున్నారు.

అప్పటినుంచి కంచం ముందు మార్కులు, తప్పులు ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం. ఏం మాట్లాడాలో తెలియక మొదట్లో నలుగురం మౌనంగా తినేవాళ్లం. తరువాత తరువాత పెద్దవాళ్లమే మా సంగతులు చెప్పడం మొదలుపెట్టాం. బడిలో ఆరోజు జరిగిన పొరపాటు, అధికారితో పడిన మాట, అంగన్‌వాడీకి రావలసిన కోడిగుడ్లు రాకపోతే పడిన అవస్థ. పెద్దవాళ్లు కూడా భయపడతారని, తప్పులు చేస్తారని పిల్లలకు అప్పుడే తెలిసినట్టుంది.

జూలైలో ఒక రాత్రి, చేపల పులుసు తింటూ, ఎవరూ అడగకుండానే అబ్బాయి చెప్పాడు. క్రికెట్ ఆడే చోట ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు మొదటిసారి ఇచ్చాడట. బౌలింగు వేసేటప్పుడు నోట్లో ఉంటే అలసట తెలియదన్నాడట. వద్దంటే టీములో ఉంచరేమోనని భయమట. మాకు చెప్పాలని రెండుసార్లు అనుకున్నాడట. "నువ్వెప్పుడూ ట్యూషన్లో ఉంటావు కదా నాన్నా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ రాత్రి వాళ్ల నాన్న చెయ్యి కడుక్కున్నాక కూడా ఏమీ అడగలేదు.

మన ఇళ్లలో ఏ పూట?

అమెరికా వాళ్ల లెక్క రాత్రి భోజనానిది. మనకు అది కుదరని ఇళ్లు చాలా. మిరపకాయల కోతల కాలంలో తల్లులు తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు. కొందరు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి గుంటూరు వైపు నెలల తరబడి వలస పోతారు. అలాంటి ఇళ్లకు వెళ్లి రోజూ రాత్రి కలిసి తినండని చెప్పడానికి మాకు నోరు రాదు.

మా వీధిలో ఒక విధవరాలు ఉంది. కూలికి పోయే ముందు, ఐదున్నరకు కొడుకును లేపి, ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తింటారు. పావుగంట. ఆ పావుగంటలో ఆ తల్లికి కొడుకు గురించి తెలిసినంత, మా ఇద్దరి జీతాల ఇంట్లో మాకు తెలియలేదు. పూట ఏదైనా ఫరవాలేదు. వారానికి రెండు పూటలే కుదిరితే ఆ రెండూ తప్పకుండా జరగనివ్వండి.

పిల్లలు హాస్టళ్లలో, గురుకులాల్లో ఉన్నవారికి దసరా, క్రిస్మస్, సంక్రాంతి, వేసవి సెలవులే దిక్కు. సెలవులకు వచ్చిన బిడ్డ మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే ర్యాంకు అడగకండి. రెండు మూడు రోజులు కడుపునిండా తిననివ్వండి. సంగతులు వాటంతటవే బయటికి వస్తాయి.

ఇంకొకటి మగవారితో చెప్పాలి. మనలో చాలా ఇళ్లలో మగవాళ్లకు ముందు పెట్టి, పిల్లలకు పెట్టి, మిగిలింది తల్లి తింటుంది. అందరూ కలిసి తింటున్నాం అని మగవారు అనుకుంటారు, తల్లి మాత్రం గరిటె పట్టుకుని నిలబడే ఉంటుంది. పిల్లలు ఎక్కువగా మనసు విప్పేది తల్లి దగ్గరే. ఆమె కూర్చోకపోతే ఎలా? మా ఇంట్లో అన్నం గిన్నె, కూర గిన్నె, నీళ్ల చెంబు నేల మీద మధ్యలో పెట్టేసి ఎవరికి వారు వడ్డించుకోవడం మొదలుపెట్టాం. చిన్న మార్పే. దీనికి అలవాటుపడటానికి మగవాళ్లకు రెండు నెలలు పట్టింది.

కంచమే భయమైన ఇళ్లు

తాగి వచ్చిన తండ్రి కంచం విసిరికొట్టే ఇల్లు ఉంటుంది. అక్కడ కలిసి భోజనం చేయండి అంటే పిల్లలను ఆ గదిలో బంధించడమే. 2021లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు రెండు వేల మందికి పైగా యౌవనస్థుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. మంచి మాటలతో, సంతోషంగా సాగే కుటుంబ భోజనం చాలామంది పిల్లల్లో మత్తు వాడకం తక్కువగా ఉండటంతో కలిసి కనిపించింది. కానీ బాల్యంలో కొట్లాటలు, హింస, ఇంట్లో వ్యసనం వంటి గాయాలు చాలా తగిలిన పిల్లల విషయంలో ఆ రక్షణ కనిపించలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారంటే కూలి డబ్బు సారా కొట్టులోకి పోయి పొయ్యి మీదికి బియ్యం రాకపోవడం అందులో పెద్ద కారణం. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించేదాకా ఆ ఉద్యమం ఆగలేదు. ఆ తల్లులకు కంచానికీ సీసాకూ ఉన్న సంబంధం ఎవరూ పరిశోధించి చెప్పనక్కరలేకపోయింది. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే, ఆ బిడ్డకు వారానికి రెండు రాత్రులు మీ ఇంట్లో ఒక కంచం వేయండి. ఉపదేశం అక్కర్లేదు. మా సంఘంలో రెండు కుటుంబాలు ఇలా చేస్తున్నాయి. పేర్లు చెప్పడం వారికి ఇష్టం లేదు.

అలవాటు ముదిరినచోట భోజనం మాత్రమే సరిపోదు. మేమూ పళ్ల డాక్టరు దగ్గరికి, తరువాత కౌన్సెలింగుకు తిరిగాం. పొగాకు మానాలనుకునేవారికి 1800112356 నంబరు ఉంది, డబ్బు ఖర్చు కాదు. మద్యం, గంజాయి, ఇతర మత్తుల విషయంలో 14446కు ఫోను చేయవచ్చు. ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని మేము మూడు వారాలు ఆలస్యం చేశాం. ఆ మూడు వారాలు అబ్బాయి ఎలా గడిపాడో అతనికే తెలుసు.

అతను ఒక్కసారిగా మానేశాడని చెప్పలేం. ఐటీఐలో చేరిన మొదటి ఏడాది మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మేము జేబులు వెతకలేదు. శనివారం ఇంటికి వచ్చి, అన్నం తిన్నాక, అతనే చెప్పాడు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు ఒంగోలులో పని చేసుకుంటున్నాడు. శనివారం రాత్రికి వస్తాడు. అతను వచ్చేదాకా గిన్నెలు మధ్యలో పెట్టం.

నాయనమ్మ ఇప్పుడు లేదు. మా ఇంట్లో ఇప్పటికీ కూర రెండు గిన్నెల్లో ఉంటుంది, ఒకటి కారం లేకుండా. మొన్న క్రిస్మస్ పూట అబ్బాయి గోంగూర పచ్చడి జాడీ తనే దగ్గరికి లాక్కుని, వేలి కొసతో కాస్త తీసుకుని అన్నంలో కలిపాడు. మేమెవరం ఏమీ అనలేదు. రెండు ముద్దలు తిన్నాక నీళ్ల చెంబు అందుకున్నాడు.